బాడీ షెడ్డుకి కంప్రెసర్ కొనాలి: 10 పిస్టనా, 15 స్క్రూనా, 20 స్క్రూనా?

బెజవాడ_బాడీషెడ్

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీ, బస్సు బాడీల షెడ్డు. వెల్డింగ్, రివెట్లు, పుట్టీ, పెయింట్ అన్నీ మా దగ్గరే జరుగుతాయి. ఇప్పుడున్నది 5 హెచ్‌పీ పిస్టన్ కంప్రెసర్, 220 లీటర్ల ట్యాంకు, నాన్నగారి హయాంలో కొన్నది. పొద్దున ఆన్ చేస్తే మధ్యాహ్నం భోజనాల దాకా ఆగకుండా కొడుతూనే ఉంటుంది, అయినా ఇద్దరు కుర్రాళ్లు శాండింగ్ మెషిన్లు పట్టుకున్నారంటే చాలు, కాసేపటికే గాలి పడిపోతుంది. పెయింటర్ అయితే గాలిలో నీళ్లొస్తున్నాయి, పెయింట్ మీద ఫిష్ ఐలు (చిన్న చిన్న గుంటల్లాంటి మచ్చలు) పడుతున్నాయి అని రోజూ గోల.

కొత్తది చూద్దామని ముగ్గురిని అడిగితే మూడు మాటలు చెప్పారు. ఒకాయన 10 హెచ్‌పీ పిస్టన్, 500 లీటర్ల ట్యాంకు చాలన్నాడు. ఇంకొకాయన 15 హెచ్‌పీ స్క్రూ (పిస్టన్ బదులు రెండు మరలు తిరిగి గాలిని నొక్కే రకం) అన్నాడు. మూడో ఆయన ముందు ముందు పని పెరుగుతుంది కదా, ఇప్పుడే 20 తీసుకోండి అన్నాడు. పిస్టన్‌కీ స్క్రూకీ రేటులో రెండున్నర రెట్లు తేడా ఉంది. వాడేవాళ్లు ఎవరైనా ఉంటే ఏది నయమో చెప్పండి.

బాలానగర్_టర్నింగ్

అన్నా, హెచ్‌పీ పక్కన పెట్టు. హెచ్‌పీ అనేది నువ్వు కట్టే కరెంటు, నీకు వచ్చే గాలి కాదు. నీ టూల్స్ ఒకేసారి ఎన్ని నడుస్తాయి, ఒక్కోదానికి నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కావాలి, అంటే సీఎఫ్‌ఎం ఎంత, అది ముందు రాయి. ప్రెషర్ ఎంత కావాలో కూడా రాయి. ఈ రెండూ లేకుండా షాపువాడు చెప్పేదంతా వాడి గోడౌన్‌లో ఏముందో దాన్నిబట్టే ఉంటుంది.

ఇంకోటి, పిస్టన్ కంప్రెసర్ ప్లేటు మీద సీఎఫ్‌ఎం అని కనిపించగానే నమ్మొద్దు. చాలా వాటి మీద వేసేది పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే సిలిండర్ ఘనపరిమాణాన్ని ఆర్‌పీఎంతో గుణించిన లెక్క. బయటికి నిజంగా వచ్చే గాలిని ఎఫ్‌ఏడీ అంటారు, ఫ్రీ ఎయిర్ డెలివరీ. చిన్న పిస్టన్లలో అది డిస్‌ప్లేస్‌మెంట్‌లో 65 నుంచి 80 శాతం మధ్య ఉంటుంది, రింగులు అరిగితే ఇంకా తక్కువ. స్క్రూ వాళ్లు మాత్రం మామూలుగా ఎఫ్‌ఏడీయే రాస్తారు. రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు అక్కడే మోసపోతాం.

వాల్వ్_ప్లేట్

గుంటూరులో పిస్టన్ కంప్రెసర్ల రిపేరు మా కుటుంబం పని, కాబట్టి నేను పిస్టన్ వైపే మాట్లాడతాను, ముందే చెప్తున్నా. 20 హెచ్‌పీ స్క్రూ మీకు శుద్ధ దండగ. నలుగురున్న ఇంట్లో పెళ్లి గుండిగ పెట్టుకున్నట్టు ఉంటుంది. ఉన్న 5 హెచ్‌పీకి వాల్వ్ ప్లేట్లు, రింగులు మార్చి, పక్కన ఇంకో 7.5 పిస్టన్ పెట్టుకోండి. ఒకటి పోయినా ఇంకోటి నడుస్తుంది. హెడ్ విప్పడం వచ్చిన మెకానిక్ ప్రతి సందులో ఉన్నాడు, పార్టులు ఆటోనగర్‌లోనే దొరుకుతాయి. స్క్రూ ఆగిపోయిందంటే కంపెనీ ఇంజినీరు వచ్చేదాకా షెడ్డు మూసుకుని కూర్చోవాల్సిందే.

ఎయిర్‌ఎండ్

వాల్వ్_ప్లేట్ గారూ, 20 దండగ అన్నదానికి నేనూ ఓటేస్తా, మిగతా దానికి వేయను. ఆయన చెప్పిందే చూడండి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆగట్లేదట. ఎయిర్ కూల్డ్ పిస్టన్‌ను గంటలో 60, 70 శాతానికి మించి లోడ్ మీద ఉంచకూడదు, మధ్యలో చల్లారాలి. ఆగకుండా కొడితే హెడ్డు కాలిపోతుంది, నూనె ఆవిరై గాలితో పాటు లైన్లోకి పోతుంది, వాల్వుల మీద మసి కడుతుంది. పెయింటర్ గోలలో సగం అక్కడ నుంచే. స్క్రూ రోజంతా ఫుల్ లోడ్ మీద నడవడానికే పుట్టింది.

కానీ బెజవాడ తమ్ముడూ, ఏదైనా కొనేముందు ఉన్నదాన్ని కొలువు. పైసా ఖర్చు లేదు. ట్యాంకులో నీళ్లు మొత్తం డ్రెయిన్ చేసి, గాలి సున్నాకి తెచ్చి, లైన్ వాల్వు కట్టేసి, మోటార్ ఆన్ చేసి ప్రెషర్ ముల్లు 7 కిలోలకి (దాదాపు 7 బార్) చేరడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్లో టైమ్ పెట్టు. ట్యాంకు లీటర్లను 7తో గుణించి, పట్టిన నిమిషాలతో భాగించు. నిమిషానికి ఎన్ని లీటర్లో వస్తుంది. దాన్ని 28.3తో భాగిస్తే సీఎఫ్‌ఎం. తర్వాత రాత్రి అందరూ వెళ్లాక ట్యాంకు నింపి, మోటార్ ఆపి, లైన్ వాల్వు తెరిచి పెట్టు. టూల్స్ అన్నీ కట్టేసి ఉన్నా ముల్లు ఎంత దిగిందో పది నిమిషాలు చూడు. అది నీ లీకేజీ.

బెజవాడ_బాడీషెడ్

కొలిచానండి. సున్నా నుంచి 7కి ఐదున్నర నిమిషాలు పట్టింది. మీరు చెప్పిన లెక్కలో 220 ఇంటూ 7 బై 5.5, అంటే 280 లీటర్లు, దాదాపు 10 సీఎఫ్‌ఎం. ప్లేటు మీద మాత్రం 18 అని ఉంది! లీకేజీకి పది నిమిషాల్లో 7 నుంచి 5కి దిగింది.

టూల్స్ లిస్టు: శాండింగ్ డీఏ (డ్యూయల్ యాక్షన్) మెషిన్లు రెండు, స్ప్రే గన్నులు రెండు, బోల్టులు విప్పే అర అంగుళం ఇంపాక్ట్ ఒకటి, రివెట్ గన్ను రెండు, దుమ్ము ఊదుకునే గన్ను ఒకటి. లారీ టైర్లకి గాలి కూడా ఇదే.

బాలానగర్_టర్నింగ్

18లో 10 అంటే సగం కొంచెం పైన. మంచి కండిషన్‌లో ఉన్న 5 హెచ్‌పీ అయితే 14 దాకా ఇవ్వాలి. లీకేజీ చూడు, 220 ఇంటూ 2 బై 10, నిమిషానికి 44 లీటర్లు, ఒకటిన్నర సీఎఫ్‌ఎం. పైపులో ఉండే గాలి కలపలేదు కాబట్టి అసలు ఇంకొంచెం ఎక్కువే. నీ మెషిన్ ఇచ్చే గాలిలో ఆరో వంతు ఎవరూ వాడకుండానే పోతోంది. సబ్బు నీళ్లు పట్టుకుని క్విక్ కప్లింగులు, రెగ్యులేటర్ల మీద రాయించు, చాలా వరకు అక్కడే దొరుకుతుంది. 3 మిల్లీమీటర్ల బెజ్జం ఒక్కటి ఉంటే 7 బార్ దగ్గర 25 సీఎఫ్‌ఎం దాకా పోతుంది, అంటే నీ కంప్రెసర్ రెండున్నర సార్లు. పెద్దది కొంటే లీకులు తగ్గవు, అవీ పెరుగుతాయి.

ఇక లెక్క. డీఏ శాండర్ గాలిని బాగా తాగుతుంది, నడుస్తున్నంతసేపు 10 నుంచి 12, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ. హెచ్‌వీఎల్‌పీ (తక్కువ ప్రెషర్‌లో ఎక్కువ గాలి వాడే) స్ప్రే గన్ను 10 నుంచి 14. ఇంపాక్ట్ నొక్కినప్పుడు ఎక్కువే తీసుకుంటుంది కానీ నొక్కేది కొన్ని సెకన్లే, సగటున 4, 5 పెట్టుకో. రివెట్ గన్ను లెక్కలోకే రాదు. అన్నీ కూడేస్తే 60 దాటుతుంది, దాన్ని చూపించే 20 హెచ్‌పీ అమ్ముతారు. కానీ నువ్వు చెప్పు, ఒక పక్క పెయింట్ కొడుతుంటే పక్కనే శాండింగ్ చేయిస్తావా?

బెజవాడ_బాడీషెడ్

చేయించనండి, దుమ్ము పడితే పెయింటర్ నన్ను కొడతాడు. శాండింగ్ పొద్దున, పెయింట్ సాయంత్రం. రివెట్లు, ఇంపాక్ట్ మాత్రం ఎప్పుడైనా ఉంటాయి.

బాలానగర్_టర్నింగ్

అయిపోయింది. శాండర్లు రెండు 24, ఇంపాక్ట్ 5, ఊదే గన్ను అప్పుడప్పుడు. లీకులు సగం సరిచేసినా ఒకటి. 30, 32 దగ్గర ఆగుతుంది, కొంచెం ఎక్స్‌ట్రా కలిపితే 35 నుంచి 38. స్క్రూలో 7 బార్ దగ్గర హెచ్‌పీకి 4 సీఎఫ్‌ఎం అని మోటు లెక్క. అంటే 10 హెచ్‌పీ స్క్రూ. నీకు వచ్చిన మూడు కొటేషన్లలో లేనిది!

వాల్వ్_ప్లేట్

10 హెచ్‌పీ పిస్టన్ కూడా మంచి కంపెనీది, రెండు స్టేజీలది అయితే 30 ఇస్తుంది. రేటులో సగం. ఆ మిగిలిన డబ్బు బ్యాంకులో వేసుకున్నా వడ్డీ వస్తుంది.

కరెంటు_లెక్క

వడ్డీ లెక్క బాగుంది కానీ మీటరు లెక్క కూడా వేద్దాం. స్క్రూ 10 హెచ్‌పీ అంటే 7.5 కిలోవాట్లు, మోటార్ నష్టం, ఫ్యాను కలిపి మీటర్ మీద ఎనిమిదిన్నర అనుకోండి. రోజుకి 8 గంటలు, ఏడాదికి 300 రోజులు, 2400 గంటలు. ఫుల్ లోడ్‌లో 20 వేల యూనిట్ల పైన. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే లక్షా 63 వేలు. ఇది ప్రతి ఏడాదీ. అంతే గాలి పిస్టన్‌తో తీయాలంటే రఫ్‌గా 30 శాతం ఎక్కువ కరెంటు, అంటే ఇంకో 6 వేల యూనిట్లు, దగ్గర దగ్గర 50 వేలు. కంప్రెసర్ జీవితకాలం ఖర్చులో కొన్న ధర చిన్న ముక్క, పెద్ద ముక్క కరెంటే అనేది ఇందుకే.

అయితే వాల్వ్_ప్లేట్ గారి మాట కొట్టిపారేయలేం. ఆ 50 వేలు రోజూ 8 గంటలు నిండుగా వాడినప్పటి మాట. రోజుకి గంటన్నర వాడే పంక్చర్ షాపుకి, చిన్న గ్యారేజీకి ఇదే లెక్క వేస్తే 10 వేలు కూడా మిగలదు, అక్కడ స్క్రూ కొనడం దండగే. కాబట్టి బెజవాడ గారూ, మీ షెడ్డులో గాలి నిజంగా ఎన్ని గంటలు వాడతారో నిజాయితీగా చెప్పండి, రెండిట్లో ఏదో దాన్నిబట్టే తేలుతుంది.

బెజవాడ_బాడీషెడ్

సీజన్‌లో 8 గంటలు ఖాయం. బస్సుల ఎఫ్‌సీలు (ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు), స్కూళ్లు తెరిచే ముందు మే నెల అయితే రాత్రి కూడా నడుస్తుంది. వర్షాకాలంలో సగం. సగటున 5, 6 గంటలు వేసుకోవచ్చు.

జుబైల్_మెయింటెనెన్స్

మాది జగిత్యాల జిల్లా, ఇక్కడ సౌదీలో ప్లాంట్ మెయింటెనెన్స్‌లో ఉన్న. మే నెల అన్నావు కాబట్టి ఒక మాట చెప్త. కంప్రెసర్ ఎక్కడ పెడతావు అనేది ఏది కొంటావు అన్నంత ముఖ్యం. స్క్రూ తీసుకునే కరెంటు దాదాపు మొత్తం వేడి అయి బయటికొస్తది. 7.5 కిలోవాట్ల వేడి చిన్న గదిలో వదిలి తలుపేస్తే గంటలో ఆ గది 50 దాటుతది. ఆయిల్ టెంపరేచర్ మామూలుగా 80, 90 మధ్య ఉండాలె, 110 దగ్గర ట్రిప్ అయి ఆగిపోతది. బెజవాడ ఎండలో రేకుల షెడ్డు మూలకు పెడితే మధ్యాహ్నం పూట రోజూ ట్రిప్పే, అప్పుడు కంపెనీని తిట్టుకుంటారు.

నీడ ఉన్న జాగా, ఉత్తరం వైపు గోడ పక్కన, వేడి గాలి పోవడానికి రేకు డక్ట్ పెట్టి బయటికి తీయి. లోపలికొచ్చే గాలి చల్లగా ఉంటే కరెంటు కూడా తగ్గుతది, ప్రతి 4 డిగ్రీలకు ఒక శాతం. చిన్నదే అనిపిస్తది కానీ ఊరికే వచ్చేది.

ముఖ్యమైంది, పెయింట్ బూతుకి దూరంగా పెట్టు. పెయింట్ పొగ ఎయిర్ ఫిల్టర్‌ను రోజుల్లోనే కట్టేస్తది. థిన్నర్ ఆవిరి మోటారు, కాంటాక్టర్ల దగ్గర చేరడం ఎంత డేంజరో చెప్పక్కర లేదు.

గాజువాక_ప్లాస్మా

నీళ్ల సంగతి ఎవరూ తేల్చలేదే! ఆయన మొదటి బాధ అదే కదా. మాది గాజువాక ఆటోనగర్, సముద్రం పక్కనే, ప్లాస్మా కటింగ్ చేస్తాం. తడి గాలి పోతే టార్చ్ నాజిల్ రోజుకొకటి తినేస్తుంది, అందుకే ఈ విషయం బాగా చదవాల్సి వచ్చింది.

కంప్రెసర్ నీళ్లు పుట్టించదు, బయట గాలిలో ఉన్న తేమనే పిండుతుంది. 35 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనపు మీటరు గాలిలో 32 గ్రాముల దాకా నీటి ఆవిరి ఉంటుంది. దాన్ని 7 బార్‌కి నొక్కి 40 డిగ్రీలకు చల్లార్చితే అందులో 25 గ్రాములు నీళ్లయి పడాల్సిందే. 35 సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి ఒక ఘనపు మీటరు, గంటకి 60. గంటకి లీటరున్నర! రోజంతా నడిస్తే 12 లీటర్లు, అంటే వాటర్ క్యాన్‌లో సగం పైన. ఈ నీళ్లు ట్యాంకులోనైనా పడాలి, పైపులోనైనా పడాలి, లేదంటే పెయింట్ గన్నులో పడతాయి. పిస్టన్ కొన్నా, స్క్రూ కొన్నా, బంగారంది కొన్నా ఇంతే.

గన్ను దగ్గర పెట్టుకునే చిన్న గాజు గిన్నె సెపరేటర్ నీటి చుక్కల్ని పట్టుకుంటుంది, ఆవిరిని పట్టుకోదు. దానికి మనలాంటి షెడ్లకి రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యరే దారి, అది గాలిని 3 డిగ్రీల దాకా చల్లార్చి నీళ్లు తీసేస్తుంది. కంప్రెసర్, తర్వాత ట్యాంకు, తర్వాత ప్రీ ఫిల్టర్, డ్రయ్యర్, ఆ తర్వాత ఫైన్ ఫిల్టర్. డ్రయ్యర్ సైజు కంప్రెసర్‌తో సమానంగా తీసుకోవద్దు. దాని రేటింగ్ చల్లటి వాతావరణం లెక్కన ఇస్తారు, మన ఎండలకు కెపాసిటీ పడిపోతుంది, కాబట్టి ఒక సైజు పెద్దది. మైనస్ 40 డిగ్రీల డెసికెంట్ డ్రయ్యర్ (తేమ పీల్చే గుళికలు ఉండేది) అమ్మబోతే వద్దను, అది మందుల ఫ్యాక్టరీలు, ఇన్‌స్ట్రుమెంట్ గాలి వాళ్లకి. ఆరబెట్టుకోవడానికి మన గాలే కొంత తినేస్తుంది కూడా.

ఎయిర్‌ఎండ్

గాజువాక గారు బాగా చెప్పారు. ఒక్కటి కలుపుతా. ఫిష్ ఐలు అన్నీ కంప్రెసర్ మీదే తోసేయకండి. టైర్ పాలిష్, డ్యాష్‌బోర్డ్ పాలిష్‌లో సిలికోన్ ఉంటుంది, అది రేకు మీద కాస్త పడినా పెయింట్ అక్కడ విడిపోతుంది. గన్ను నుంచి పెయింట్ తీసేసి, శుభ్రమైన అద్దం మీద ఒక నిమిషం ఉత్త గాలి ఊదండి. జిడ్డు గానీ, చెమ్మ గానీ కనిపిస్తే గాలి తప్పు. అద్దం శుభ్రంగా ఉంటే రేకు తుడవడంలో తప్పు.

బెజవాడ_బాడీషెడ్

ఊదించాను. రెండూ ఉన్నాయి, చెమ్మ, సన్నటి జిడ్డు. పెయింటర్ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

వాల్వ్_ప్లేట్

రింగులు పోయాయి మరి, జిడ్డు రాక ఏమొస్తుంది. పాత పిస్టన్‌ని చూపించి పిస్టన్లన్నీ ఇంతే అనడం న్యాయం కాదు. స్క్రూలోనూ నూనె ఉంటుంది, సెపరేటర్ పాడైతే అదీ లైన్లోకి కక్కుతుంది, పిస్టన్ కన్నా ఎక్కువ కక్కుతుంది. పైగా స్క్రూ పెద్దది తెచ్చి కొంచెం కొంచెం వాడితే లోపల వేడెక్కదు, తేమ నూనెలో కలిసి మజ్జిగ రంగుకి తిరుగుతుంది, బేరింగులు పోతాయి. ఎయిర్ ఎండ్ (స్క్రూలో గాలిని నొక్కే భాగం) ఓవర్‌హాల్ బిల్లు చూశారా ఎప్పుడైనా?

ఎయిర్‌ఎండ్

చూశాను, నేను చేసే పనే అది. మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, అందుకే 20 వద్దనేది. తక్కువ సైజు స్క్రూ ఆగకుండా నడిచినా దానికి ఇబ్బంది లేదు, పెద్ద సైజు స్క్రూ ఆగి ఆగి నడిస్తేనే చస్తుంది. ఫ్యాక్టరీల్లో నేను చూసే పాడైన మెషిన్లలో పెద్ద సైజు తెచ్చుకుని చెడిపోయినవి తక్కువేం కాదు.

కరెంటు_లెక్క

వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే డ్రైవ్) గురించి అడగబోతారు కాబట్టి ముందే. మామూలు స్క్రూ గాలి నిండాక ఆగదు, అన్‌లోడ్‌లో తిరుగుతూ ఉంటుంది, అప్పుడు కూడా ఫుల్ లోడ్ కరెంటులో 25 నుంచి 40 శాతం లాగుతుంది, గాలి మాత్రం సున్నా. వీఎఫ్‌డీ అయితే వాడకాన్ని బట్టి స్పీడు తగ్గించుకుంటుంది. వాడకం రోజంతా ఎక్కువ తక్కువలుగా ఉండే చోట డబ్బు త్వరగా తిరిగొస్తుంది. రోజంతా ఫుల్ లోడ్ ఉండే చోట డ్రైవ్ నష్టం వల్ల ఉల్టా రెండు మూడు శాతం ఎక్కువే కాలుతుంది. ఈయన షెడ్డులో పొద్దున శాండింగ్, సాయంత్రం ఒక గన్ను, వర్షాకాలం సగం పని. కాబట్టి నేనైతే వీఎఫ్‌డీ తీసుకుంటా.

ఎయిర్‌ఎండ్

నేను తీసుకోను. పుట్టీ దుమ్ము, 45 డిగ్రీల ఎండ, వోల్టేజీ ఊగులాట, ఈ మూడూ డ్రైవ్ కార్డుకి పడవు. 10 హెచ్‌పీలో మిగిలేది చూస్తే ఒక్కసారి కార్డు పోయినా రెండేళ్ల లాభం హారతి. ఈ సైజుకి స్టార్ డెల్టా (మామూలు ఫిక్స్‌డ్ స్పీడ్ స్టార్టర్), 500 లీటర్ల ట్యాంకు చాలు. ట్యాంకు పెద్దదైతే లోడ్, అన్‌లోడ్ మధ్య గ్యాప్ పెరుగుతుంది. 30 హెచ్‌పీ దాటినప్పుడు వీఎఫ్‌డీ గురించి మాట్లాడుకుందాం.

కరెంటు_లెక్క

గది శుభ్రంగా, చల్లగా పెట్టుకుంటే కార్డు ఎందుకు పోతుంది అనేది నా వాదన. సరే, ఇద్దరం చెప్పాం, ఆయనిష్టం.

బాలానగర్_టర్నింగ్

ప్రెషర్ మాట మరిచిపోయాం. షాపువాళ్లు 10 బార్, 12 బార్ మెషిన్ పెద్ద గొప్పగా చెప్తారు. శాండర్, ఇంపాక్ట్‌కి 6 బార్ చాలు, గన్నుకి రెండు మూడే. ఒక బార్ ఎక్కువ పెట్టుకుంటే 6, 7 శాతం కరెంటు ఎక్కువ, గాలి తక్కువ. అదే 10 హెచ్‌పీ మోటారు మీద 7.5 బార్ మోడల్‌లో 38 వస్తే, 12 బార్ మోడల్‌లో బాగా తగ్గుతుంది.

చిక్కు ఎక్కడంటే లారీ టైర్లు. వాటికి 110, 120 పీఎస్‌ఐ కావాలి, అంటే 7.6 నుంచి 8.3 బార్. టైర్ల కోసం షెడ్డు మొత్తాన్ని 10 బార్ మీద నడిపితే రోజంతా దండగ. నీ పాత 5 హెచ్‌పీని అమ్మకు అన్నా. వాల్వ్_ప్లేట్ గారి దగ్గర రింగులు, ప్లేట్లు మార్పించి టైర్ల దగ్గర విడిగా పెట్టు. అది రెండు స్టేజీలదే అయితే 10 దాకా హాయిగా కొడుతుంది. స్క్రూ ఆగిన రోజు కనీసం ఒక గన్ను దాంతో నడుస్తుంది.

వాల్వ్_ప్లేట్

ఇదొక్కటీ మనిషి మాట. రెండు స్టేజీలదో కాదో చూడాలంటే సిలిండర్లు చూడండి, ఒకటి పెద్దది ఒకటి చిన్నది ఉండి మధ్యలో రెక్కల పైపు ఉంటే రెండు స్టేజీలు. రెండూ ఒకే సైజైతే సింగిల్ స్టేజి, దానితో టైర్లకు కష్టం.

బెజవాడ_బాడీషెడ్

ఒకటి పెద్దది, ఒకటి చిన్నదేనండి. మీ షెడ్డు గుంటూరులో ఎక్కడో చెప్పండి, తీసుకొస్తా.

చర్లపల్లి_లేజర్

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మేం 3 కిలోవాట్ల ఫైబర్ లేజర్ తెస్తున్నాం, ఆక్సిజన్, నైట్రోజన్ సిలిండర్ల ఖర్చు తట్టుకోలేక గాలితో కోద్దామని. దీనికి కూడా 7.5 బార్ 10 హెచ్‌పీ సరిపోతుందా?

ఎయిర్‌ఎండ్

సరిపోదు. లేజర్‌కి 15, 16 బార్ స్క్రూ వేరే వస్తుంది, ట్యాంకు, డ్రయ్యర్, ఫిల్టర్లు అన్నీ ఒకే ఫ్రేము మీద. మామూలుగా 20 హెచ్‌పీ నుంచి మొదలు. నూనె చుక్క లెన్స్ మీద పడితే లెన్స్ కాలిపోతుంది కాబట్టి ఫిల్టర్లలో పిసినారితనం వద్దు. నాజిల్ సైజు, ప్రెషర్ లేజర్ వాళ్ల దగ్గర రాయించుకుని విడిగా థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిస్తే బెజవాడ గారు కన్‌ఫ్యూజ్ అవుతారు.

గాజువాక_ప్లాస్మా

పైపు గురించి. ఎంత మంచి కంప్రెసర్ కొన్నా అర అంగుళం పైపులో పంపితే చివర ఉన్నవాడికి గాలి రాదు. మెయిన్ లైను కనీసం అంగుళం, షెడ్డు చుట్టూ తిప్పి మళ్లీ మొదటికి కలిపేయండి, రెండు వైపుల నుంచీ గాలి వస్తుంది. కొంచెం వాలుగా వేసి చివర డ్రెయిన్ పెట్టండి. టూల్ కోసం దింపే పైపు మెయిన్ లైను పైభాగం నుంచి వంచి కిందికి తీయాలి, కిందిభాగం నుంచి తీస్తే నీళ్లన్నీ దాంట్లోకే దిగుతాయి. బోరు నీళ్లకి వాడే పీవీసీ మాత్రం వద్దే వద్దు, గాలి ప్రెషర్‌కి పగిలితే ముక్కలు ముక్కలై మనుషుల మీదికొస్తుంది. చవక అని వేసినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి ఇంకా పగల్లేదంతే.

పాత_సామాను

ఫ్యాక్టరీలు మూసేసినప్పుడు వేలంలో స్క్రూలు సగం రేటుకి వస్తాయి కదా, అది చూడొచ్చుగా?

ఎయిర్‌ఎండ్

చూడొచ్చు, చూడటం వచ్చినవాణ్ని వెంట తీసుకెళ్తే. గంటల మీటరు ఒక్కటే నమ్మొద్దు, కంట్రోలర్ మారిస్తే అది సున్నా నుంచి మొదలవుతుంది. గంటసేపు ఫుల్ లోడ్ మీద నడిపించి టెంపరేచర్ ఎక్కడ నిలబడిందో చూడాలి, ఎయిర్ ఎండ్ దగ్గర గరగర వినిపిస్తుందా అని చెవి పెట్టాలి, నూనె రంగు చూడాలి. ఆ మోడల్‌కి పార్టులు ఇంకా వస్తున్నాయో లేదో కూడా. ట్యాంకు మాత్రం పాతది వద్దు. లోపల తుప్పు బయటికి కనిపించదు. 500 లీటర్ల ట్యాంకు 7 బార్‌లో చీలితే షెడ్డు మిగలదు. పాతదే తప్పదంటే హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ప్రెషర్ పెట్టే పరీక్ష) చేయించి, సేఫ్టీ వాల్వు కొత్తది పెట్టించాకే. ఫ్యాక్టరీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకి ట్యాంకు పరీక్ష సర్టిఫికెట్ ఎలాగూ కావాలి.

కరెంటు_లెక్క

బెజవాడ గారూ, కొటేషన్ తీసుకునేటప్పుడు ఇవి కాగితం మీద రాయించుకోండి, నోటిమాట వద్దు. ఎఫ్‌ఏడీ ఎంత, ఏ ప్రెషర్ దగ్గర, ఐఎస్‌ఓ 1217 (కంప్రెసర్ గాలి కొలిచే అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం కొలిచిందేనా. మొత్తం ప్యాకేజీ మీటర్ మీద ఎన్ని కిలోవాట్లు లాగుతుంది, మోటారు రేటింగ్ కాదు. డ్రయ్యర్ కెపాసిటీ 45 డిగ్రీల దగ్గర ఎంత. ఎయిర్ ఎండ్ వారంటీ ఎన్నేళ్లు, అది నిలవాలంటే వాళ్ల నూనె, వాళ్ల ఫిల్టర్లే వాడాలా, వాటి రేటెంత. విజయవాడలో సర్వీస్ ఇంజినీరు ఉన్నాడా, లేక హైదరాబాద్ నుంచి రావాలా. పెద్ద బ్రాండ్లు ఎల్జీ (ELGi, టీవీల ఎల్‌జీ కాదు), అట్లాస్ కాప్కో, ఇంగర్‌సాల్ ర్యాండ్, కైజర్ లాంటివి అన్నీ ఈ సైజులో చేస్తాయి, ఏది కొన్నా మెషిన్ బాగానే ఉంటుంది, మీ ఊళ్లో ఎవరి సర్వీస్ బాగుందో పక్క షెడ్డువాళ్లని అడగండి. అన్నిటికన్నా ముందు మీ కరెంటు కనెక్షన్ లోడ్ చూసుకోండి. 10 హెచ్‌పీ కొత్తగా కలిస్తే లోడ్ పెంచుకోవడానికి డిస్కంలో అప్లై చేయాలి, మెషిన్ దిగాక కాదు, ఇప్పుడే.

బెజవాడ_బాడీషెడ్

అందరికీ చాలా థ్యాంక్స్. 10 హెచ్‌పీ స్క్రూ, 7.5 బార్, ఫిక్స్‌డ్ స్పీడే (కరెంటు_లెక్క గారు ఏమనుకోవద్దు), 500 లీటర్ల ట్యాంకు, డ్రయ్యర్ ఒక సైజు పెద్దది, రెండు ఫిల్టర్లు. కాగితం మీద 38 సీఎఫ్‌ఎం రాయించాను. 20 అమ్మబోయిన ఆయన్ని ఐఎస్‌ఓ 1217 అని అడిగితే మళ్లీ ఫోన్ చేస్తానన్నాడు, ఇంకా చేయలేదు. లోడ్‌కి అప్లై చేశాం. లైన్ అంగుళంన్నర జీఐ, రింగు లాగా వేయిస్తున్నాం. లీకుల్లో మూడు వంతులు కప్లింగుల దగ్గరే దొరికాయి. పాతది గుంటూరు పంపించాను. ఇక ఒక్కటే డౌటు, కొత్త స్క్రూకి మొదటి సర్వీసు 500 గంటలకి అని రాశారు, తర్వాత 2000కి అట. ఆ మొదటిది మానేస్తే ఏమైనా అవుతుందా? బిల్లు కొంచెం ఎక్కువే ఉంది.

ఎయిర్‌ఎండ్

మానొద్దు. కొత్త మెషిన్లో అరిగిన సన్నటి ఇనుప రజను, అసెంబ్లీ మురికి అంతా మొదటి నూనెలోనే దిగుతుంది. ఆ ఫిల్టర్ మార్చేదాకా అదే బేరింగుల చుట్టూ తిరుగుతూ ఉంటుంది. పైగా ఆ సర్వీసు రికార్డు లేకపోతే వారంటీ అడిగినప్పుడు కంపెనీవాళ్లు మొదట సాకుగా చూపించేది అదే.

వాల్వ్_ప్లేట్

పాతది విప్పాను బాబూ. హై ప్రెషర్ సిలిండర్ రింగులు పూర్తిగా పోయాయి, ఒక వాల్వు రీడ్ విరిగి ఉంది. అందులో ఇంజిన్ ఆయిల్ పోశారెవరో, కంప్రెసర్ ఆయిల్ వేరే ఉంటుంది, అదే పోయండి. పూర్తిచేసి నింపి చూస్తే మూడు నిమిషాల యాభై సెకన్లలో 7కి వచ్చింది. లెక్క మీరే వేసుకోండి. శనివారం వచ్చి పట్టుకెళ్లండి, బెల్టు గార్డు లేదు, అది నేనే వెల్డ్ చేయించి పెట్టా.